జాన తక్కువ గీత

413. సోమవారం

ఉడతా,

ఇది నీ పుస్తకం. నాలుగు వందల పన్నెండు దాకా నీ చేతిరాత. ఇక్కడి నుంచి నాది. అక్షరాలు వంకరగా వస్తాయి, కోప్పడకు. నేను చదివింది ఐదో తరగతి, అదీ సగమే.

ఈరోజు పొద్దున ఆరు గంటల సైరను కూత కాగానే కోర్టు గుమాస్తా లక్ష్మన్న వచ్చాడు. నీ కుర్చీ వైపు చూడకుండా నేల మీద కూర్చుని మజ్జిగ తాగాడు. ప్లీడరు చనిపోయి, కేసు ఆఖరి వాయిదాలో ఉంటే, నలభై రోజుల లోపల ఆ ఇంటి మనిషి ఎవరైనా నిలబడి పూర్తి చేయవచ్చని చట్టంలో ఉందట. దాన్ని ఇంటి వకాల్తా అంటారట. ఎవరూ రాకపోతే కేసు కొట్టేస్తారు. పక్క తాలూకా ప్లీడరుకు ఏడాది దాకా తీరిక లేదట. నువ్వు పోయి ఇరవై ఆరు రోజులు.

"చదువు లేదని భయపడొద్దు వదినా," అన్నాడు. "తీర్పు చెప్పేది తక్కెడ మిషను కదా, అది నోటిమాటే వింటాది, కాయితం అడగదు. ఈ పుస్తకం మాత్రం నువ్వే రాయాల."

"ఏ పుటలో మొదలుపెట్టాల్నో చూపీ," అన్నాను.

పుస్తకం కోర్టువాళ్ళు చదువుతారు, తర్వాత వచ్చే ప్లీడరు కూడా చదువుతాడు, అందుకని మొదటి నుంచి రాయమన్నాడు. కాబట్టి నీకు తెలిసినవే మళ్ళీ రాస్తున్నాను.

మాది బండలూరులో రంపాలవీధి. ముప్పై ఒక్క ఇల్లు. బండలు కోసే రంపాల మీద పనిచేసినవాళ్ళం, ఇప్పుడు పని తగ్గింది. వీధికి తూర్పున పాత ఫ్యాక్టరీ గోడ ఉంది, ఆ చివర నుంచి ఈ చివర దాకా. పొద్దున పూట దాని నీడ వీధి మీద పడుతుంది. మా బతుకంతా ఆ నీడలోనే. నీళ్ళ బండి వచ్చేది అందులోనే, పిల్లలు బడికి పోయేది అందులోనే, ముసలివాళ్ళు కాళ్ళు చాపుకుని నాలుగు మాటలు మాట్లాడుకునేది అందులోనే. ఎనిమిది కూతకు పిల్లలు ఇళ్ళలోకి రావాలి, పది కూతకు అందరూ రావాలి. ఆ తర్వాత సాయంత్రం దాకా బయట మనిషి ఉండడు.

ఐదేళ్ళ కిందట అద్దాల కంపెనీ ఆ ఫ్యాక్టరీని కొన్నది. గోడ పడగొడితే వాళ్ళ అద్దాల మీదికి పొద్దుటి ఎండ వస్తుంది, కరెంటు ఎక్కువ పుడుతుంది. నీడ చట్టం ప్రకారం పన్నెండేళ్ళు ఒకే నీడను జనం వాడుకుంటే గోడ యజమాని దాన్ని తీసేయకూడదు. కానీ మధ్యలో నీడ కొలత వేలెడు మారినా లెక్క మళ్ళీ మొదలు. కంపెనీ ఏమంటుందంటే, మేము కొన్నప్పుడు గోడ పైన ఇంకో వరస బండలు పేర్చాం, కాబట్టి ఇది కొత్త నీడ, దీనికి ఐదేళ్ళే అని. పైనుంచి కింద దాకా గచ్చు చేయించారు కాబట్టి ఏ వరస ఎప్పటిదో కనిపించదు. ఆకాశం నుంచి తీసిన పాత ఫొటోలు పెద్దవడ ఏడాది ఆ వడగాలికి మిషన్లతో పాటే మాడిపోయాయి.

మన దగ్గర ఉన్న రుజువు పిల్లల గీతలు. వాటి గురించి రేపు రాస్తాను. చేయి నొస్తోంది. వాయిదా వచ్చే వారం. తారీఖు నన్నే చెప్పమన్నాడు లక్ష్మన్న. సోమవారం పెట్టు అన్నాను. ఆరోజు నీ పుట్టినరోజు.

414. మంగళవారం

నీళ్ళు పట్టుకుని, కిటికీకి గోనెసంచి తడిపి కట్టి, నీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

నువ్వు ఇన్ని తగవులు తీర్చావని నాకు తెలియదు. ఇంటికొచ్చి ఏనాడూ చెప్పేదానివి కాదు. నూట నలభై రెండో దాంట్లో, మిద్దె మీద ఆరేసిన చీర నీడలో పక్కింటామె ఏడేళ్ళుగా కుండ పెట్టుకుంటోందని, ఇప్పుడు చీర గల ఆమె చీరలు మానేసి చుడీదార్లు వేసుకుంటోంది కాబట్టి నష్టపోయానని కేసు. నువ్వు ఇద్దరినీ కూర్చోబెట్టి కుండను నాలుగడుగులు జరిపించి, కింద రాశావు, "ఇద్దరికీ కావలసింది నీడ కాదు, ఒకరినొకరు పిలిచి మాట్లాడే సాకు." చదివి నవ్వాను. ఇరవై ఏడు రోజుల్లో మొదటిసారి.

గీతల గురించి రాస్తానన్నాను కదా. మా వీధిలో బిడ్డకు మొదటి పుట్టినరోజు నాడు గీత చూపిస్తాం. ఎనిమిది కూత వినపడిన క్షణాన నీడ ఎక్కడ ఆగుతుందో అక్కడ తల్లి సుద్దతో గీత గీస్తుంది. గీతకు ఇవతల బిడ్డ కాలు ఆనించి చుట్టూ గీస్తుంది. "ఇది నీ హద్దు, దీన్ని దాటొద్దు" అని చెవిలో చెప్పి నోట్లో బెల్లం పెడుతుంది. ఆ వెంటనే ఇంటి మగవాళ్ళు ఉలితో ఆ గీతనూ, పాదాన్నీ, పేరూ తారీఖునూ బండ మీద చెక్కుతారు. రాయి పని వాళ్ళం కదా, మాకు కాగితం మీద నమ్మకం తక్కువ. వీధిలో పన్నెండేళ్ళకు పైబడిన అలాంటి గీతలు పందొమ్మిది ఉన్నాయి. సూర్యుడు ఏ తారీఖున ఎక్కడ ఉంటాడో మారదు కాబట్టి, ఆ గీతలు ఈనాటి నీడతో సరిపోతే గోడ పెరగలేదని తేలుతుంది. నువ్వు కేసు వేసింది ఆ ధైర్యంతోనే.

ఈరోజు నీ నాలుగు వందల పన్నెండోది చదివాను. పందొమ్మిది పేర్లు, పక్కన అంగుళాలు. ఆరు ముప్పావు, ఎనిమిదిన్నర, ఏడు, ఏడున్నర. కింద ఇలా ఉంది:

"ఒక్క గీత కూడా సరిపోలేదు. ఏ గీతకు ఆ తారీఖు నీడ లెక్కగట్టి చూసినా, అన్నీ ఈనాటి నీడకు లోపలే ఉన్నాయి. గోడ నిజంగానే పెరిగిందా? కంపెనీ చెప్పేదే నిజమా? కూత వేళలో తేడా ఉందేమో. రేపటి నుంచి నిమిషం నిమిషం కొలవాలి. అమ్మ సాక్షుల పట్టికలో ఉంది. అడగకూడదు."

పుస్తకం మూసి పొయ్యి దగ్గరికి పోయాను. పిండి కలిపి రొట్టెలు తట్టాను. తినడానికి ఎవరూ లేరు, అయినా ఎనిమిది రొట్టెలు తట్టాను.

ఉడతా, ఆ గీత నేనే లోపలికి గీశాను.

415. గురువారం

నిన్న రాయలేదు. లక్ష్మన్న వచ్చి రోజూ రాయాలి అన్నాడు, రాయలేకపోయాను అన్నాను. సరే అది కూడా రాయి అన్నాడు. రాశాను.

నీకు ఏడాది నిండిన రోజు నిన్ను చంకన వేసుకుని నీడ అంచుకు పోయాను. అప్పటికే నీకు నడక వచ్చేసింది. నడక కాదు, పరుగు. నువ్వు ఉడతవైంది అందుకే. కూత పడింది. నీడ అంచు చూశాను. అంచు మీదే గీత గీస్తే ఈ పిల్ల అక్కడే ఆగుతుందా అనుకున్నాను. ఒక్క అడుగు జారితే ఎండలో పడుతుంది. నీడ అంచున బొటనవేలు కాకుండా చిటికెనవేలు పెట్టి, ఒక జాన లోపలికి కొలుచుకుని అక్కడ గీశాను. మీ నాయన ఉలి తెచ్చేసరికి నీడ ఎలాగూ వెనక్కి జరిగిపోయింది, ఆయనకు తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆచారం తప్పానని అంటారని భయం.

ఇప్పుడు నీ సంచిలోని స్కేలు మీద చేయి పరిచి చూశాను. బొటనవేలి నుంచి చిటికెనవేలికి ఏడున్నర. నీ పట్టికలో నీ పేరు పక్కన ఏడున్నర.

నువ్వు పదకొండు రోజులు పొద్దున పోయి పది కూత దాకా ఆ బండల మీద వంగి టేపు పట్టుకున్నావు. రోహిణి కార్తె అని చెప్పాను. ఆఖరి రోజు రొట్టె, శనగ్గింజల పచ్చడి ఊరిబిండి పెడితే "వచ్చి తింటా మా" అని పోయావు. పది దాటి పది నిమిషాలకు వీధిలోంచి తిమ్మక్క కేక విని పరిగెత్తాను. నువ్వు నీ గీత పక్కనే పడి ఉన్నావు, చేతిలో టేపు అలాగే ఉంది.

నువ్వు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఎందుకు అడగలేదో నాకు తెలుసు. సాక్షితో సాక్ష్యం గురించి ముందే మాట్లాడకూడదని నీ పద్ధతి. చట్టంలో లేదట అది, లక్ష్మన్నను అడిగాను. వేరే ప్లీడర్లు అందరూ మాట్లాడతారట. నువ్వొక్కదానివే మాట్లాడేదానివి కాదట.

ఏడ్చింది చాలు. సోమవారం ఏం చేయాలో ఆలోచించాలి.

416. శనివారం

కంపెనీ ప్లీడరు కేదారనాథ్ ఆరు కూతకే వచ్చాడు. మర్యాదస్తుడే. నీ ఫొటోకు దండం పెట్టాడు. గీతలన్నీ తక్కువగానే ఉన్నాయని నీ కొలతలే చెబుతున్నాయి, ఆ పట్టిక నువ్వు కోర్టుకు ఇచ్చేశావు కదా, ఇంకా దేని కోసం పోరాడతారమ్మా అన్నాడు. ఓడిపోయే కొలతలను కూడా దాచకుండా ఇచ్చిన ప్లీడరును నేను చూడలేదు అన్నాడు. కేసు వదులుకుంటే వీధి పొడుగునా పరదా కట్టిస్తారట. రేపటి లోగా చెప్పాలట.

అతను పోయాక వీధంతా నా గడపలోకి వచ్చింది. తిమ్మక్క అందరికంటే ముందు. ఆమె గురించి కోర్టువాళ్ళ కోసం రాస్తున్నాను: రంపం మీద ముప్పై ఏళ్ళు చేసింది, తలుపంత మనిషి, గొంతు ఎనిమిది కూత కంటే పెద్దది.

"పరదా ఇస్తామంటే తీసుకోకుండా ఏందక్కా నీ మొండి?" అంది. "నీ బిడ్డ పోయింది. మా బిడ్డల నెత్తి మీద చింపిరిదన్నా ఒకటి ఉండనీ."

ఆ మాటకు పక్కీరమ్మ ఆమె చేయి పట్టుకుని గుంజింది. పక్కీరమ్మ దూదేకుల వాళ్ళ మనిషి, పిట్టంత ఉంటుంది. ఈ ఇద్దరి పిల్లలూ ఒకే రోజు పుట్టారు. ఒకే పొద్దున, ఒకే కూతకు, పక్కపక్కన నిలబడి గీతలు గీశారు.

"పరదా మొదటి గాలికే లేచిపోతాది తిమ్మక్కా," అన్నాను. "గోడ లేచిపోదు. సోమవారం దాకా ఆగండి. ఓడిపోతే నన్ను తిట్టుకోండి."

"తిడతాం," అంది తిమ్మక్క. "బాగా తిడతాం."

ఆ తర్వాత జరిగింది రాయాలి. అందరూ పోతుంటే పక్కీరమ్మ వెనకబడింది. గడప పట్టుకుని నిలబడి, గీతల గురించి ఒక మాట చెప్పాలక్కా అంది. ఆమె మొహం చూస్తే నాకు అర్థమైంది. నీ పట్టికలో ఆమె బిడ్డ పేరు పక్కన ఆరు ముప్పావు. తిమ్మక్క బిడ్డ పక్కన ఎనిమిదిన్నర. ఆ అంకెలు చూసిన రోజు నుంచి నా కళ్ళు ఆడవాళ్ళ చేతుల మీదే ఉన్నాయి.

చెప్పు అనాలని నోటి దాకా వచ్చింది. ఒక్క మాటతో నా గుండె తేలికయ్యేది. కానీ ఆమె కూడా సాక్షుల పట్టికలో ఉంది.

"నాకు చెప్పొద్దు పక్కీరమ్మా. సోమవారం గీత కాడికి రా. అందరూ రండి. అడిగితే ఉన్నది చెప్పండి."

"ఇంక నీకూ చట్టం పట్టుకునిందా?" అంది. అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని పోయింది.

జీవితంలో మొదటిసారి మబ్బు రావద్దని మొక్కుకున్నాను.

417. సోమవారం

మబ్బు రాలేదు.

తెల్లారకముందే లేచి తలస్నానం చేశాను. నీ నల్లకోటు నాకు బిగుతు, చేతి మీద వేసుకున్నాను. ఏడున్నరకు లక్ష్మన్న తక్కెడ కన్ను తెచ్చి వీధి మధ్యలో నాటాడు. లాంతరంత డబ్బా, కర్ర మీద ఉంటుంది. అది చూస్తుంది, వింటుంది, ఏ తారీఖున నీడ ఎక్కడ పడాలో బండ మీద ఎర్రచుక్కలతో చూపిస్తుంది. నీ గీతకు మాత్రం ఎర్రచుక్కలు అక్కరలేదు. ఈరోజే నీ తారీఖు కాబట్టి నీడే వచ్చి చూపిస్తుంది.

ఎనిమిది కూత పడింది. అందరం వంగి చూశాం. నీ పేరు, నీ చిన్న పాదం, దాని ముందు గీత, గీతకు అవతల ఒక జాన నీడ, ఆ తర్వాత ఎండ.

కేదారనాథ్ గొంతు సవరించుకున్నాడు. గీత తక్కువగా ఉందని తక్కెడ నమోదు చేసుకోవాలి అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగానే అడిగాడు.

"ఇది మీరే గీశారు కదమ్మా?"

"నేనే."

"ఆచారం ప్రకారం సరిగ్గా నీడ అంచున గీశారు, అంతేనా?"

ఏ తల్లయినా అవునంటుందని అతని నమ్మకం. అవునంటే కేసు అయిపోయినట్టే.

"లేదు సార్," అన్నాను. "కావాలనే లోపలికి గీసినా."

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. గీత మీద బొటనవేలు పెట్టి చేయి చాపాను. చిటికెనవేలు నీడ అంచుకు తాకింది. గోరు మీద ఎండ చురుక్కుమంది.

"నా బిడ్డకు పరుగు ఎక్కువ. ఒక జాన దగ్గర ఆపితే, జారినా నీడలోనే పడతాదని. కొలుచుకో సార్."

లక్ష్మన్న కొలిచాడు. నా చేయి ఏడున్నర. ఆ ఖాళీ ఏడున్నర.

కేదారనాథ్ వెంటనే తేరుకున్నాడు. ఒక చేయి సరిపోవడం రుజువు కాదు అన్నాడు. గోడ పెరిగినందువల్లే ఆ ఖాళీ వచ్చి ఉండవచ్చు, ఆమె దానికి ఇప్పుడు కథ కట్టి ఉండవచ్చు, మిగిలిన ఆడవాళ్ళకు కూడా నేర్పి ఉండవచ్చు అన్నాడు. అప్పుడు తక్కెడ అడిగింది. దాని గొంతు రైలు స్టేషన్లో చెప్పినట్టు ఉంటుంది. సాక్షులతో ఈ విషయం మాట్లాడారా అని.

"లేదు. మా ప్లీడరమ్మ పద్ధతి అది. నేనూ దాటలేదు."

"అది నిజం సామీ," అని పక్కీరమ్మ గొంతు వెనక నుంచి వచ్చింది. "నేను చెప్పబోతే నోరు మూయించింది."

కేదారనాథ్‌ను తిమ్మక్క గీత, పక్కీరమ్మ గీత దగ్గరికి రమ్మన్నాను. పక్కపక్కన ఉన్నాయి, ఒకే తారీఖు చెక్కి ఉంది. తక్కెడ ఎర్రచుక్కల వరస ఒకటే, రెండింటికీ అవతల తిన్నగా పోతోంది. కానీ గీతలు రెండూ ఒక వరసలో లేవు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి.

"ఒకే రోజు సార్. ఒకే కూత, ఒకే గోడ. అప్పుడు గోడ పొట్టిదైతే ఇద్దరి గీతలూ ఒకే కాడ ఉండాల కదా. నీడ ఈమెకు ఒక చోట, ఆమెకు ఒక చోట పడుతుందా?"

అతను వంగి చూశాడు. రెండు గీతల మధ్య తేడాను వేళ్ళతో కొలుచుకున్నాడు.

పక్కీరమ్మ వచ్చి కూర్చుని చేయి పరిచింది. ఆమె చిటికెనవేలు ఎర్రచుక్క మీద ఆగింది. లక్ష్మన్న ఆరు ముప్పావు అని చదివాడు. అందరూ తిమ్మక్కను చూశారు. ఆమె మొహం కందిపోయింది. అంత పెద్ద గొంతు మనిషి, మాట లోపల నుంచి వచ్చింది.

"నేనొక్కదాన్నే తప్పు చేసినానని ఇన్నేండ్లు అనుకుంటి."

కూర్చుని చేయి పెట్టింది. ఎనిమిదిన్నర.

"నీది చెయ్యా చేటా?" అంది పక్కీరమ్మ. "పాపం నీ బిడ్డకు ఆడుకునే దానికి వీధే మిగల్చకపోతివి."

తిమ్మక్క నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకటిగా. ఆ తర్వాత ఎవరినీ పిలవవలసిన పని లేకపోయింది. ఒక్కొక్కరే వచ్చి తమ బిడ్డ గీత దగ్గర కూర్చున్నారు. పందొమ్మిదిలో ఇద్దరు తల్లులు ఇప్పుడు లేరు. ఆ రెండు గీతల దగ్గర ఎవరూ చేయి పెట్టలేదు. మిగిలిన పదిహేడూ చేతులకు సరిపోయాయి.

నీడ వెనక్కి జరుగుతోంది. అందరూ లేచి ఇళ్ళకు పోయారు. నేను నీ పాదం మీద రవ్వంత బెల్లం పెట్టి వచ్చాను.

418. శుక్రవారం

తీర్పు వచ్చింది. లక్ష్మన్న రెండుసార్లు చదివి వినిపించాడు. నీడ మారలేదు, గోడ కదపరాదు. కింద ఇంకో వాక్యం ఉంది, అది నన్నే ఎత్తి రాసుకోమన్నాడు: "ఇకపై పిల్లల గీతలు కొలుచునప్పుడు తల్లి చేయి కూడా కొలవవలెను." ఆ మాట ఇక చట్టంలో ఉంటుందట. మిగతా ఊళ్ళలో కూడా.

నువ్వు నన్ను అడిగి ఉంటే ఈ కేసులో నా మాట నిలిచేది కాదు. అడగనందువల్ల నువ్వు ఎండలో నిలబడ్డావు. ఈ రెండూ నా తలలో ఒక చోట ఇమడడం లేదు. ఇమడకపోతే పోనీ. నేను రోజూ లేచి నీళ్ళు పడతాను. వీధి నీడలోనే పడతాను.

ఇందాక తిమ్మక్క మనవరాలిని తీసుకుని వచ్చింది. వచ్చే నెల దానికి ఏడాది నిండుతుంది. గీత ఎక్కడ గీయాలి అక్కా, ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది కదా అని అడిగింది. జాన లోపలికే గీయమను, మీ కోడలి చేత్తో కొలవమను అన్నాను.

ఉడతా, నాలుగు వందల పద్దెనిమిది దగ్గర నా వకాల్తా అయిపోయింది. ఇక నీకు వేరే కాగితం మీద రాసుకుంటాను.

ఈ పుస్తకం తీసుకోబోయే ప్లీడరు గారికి. మీరెవరో నాకు తెలియదు. నా బిడ్డ కుర్చీలో కూర్చోండి, కాలు కొంచెం ఊగుతుంది, చెక్క ముక్క పెట్టాను. మా తగవులు మీకు చిన్నవిగా కనిపిస్తాయి, అయినా వినండి. టేపు సొరుగులో ఉంది. వచ్చి తింటానని మాత్రం బయలుదేరకండి. గూట్లో రొట్టెలు మూత పెట్టి ఉంటాయి, ఊరిబిండి పక్కనే ఉంటుంది. ముందు కూర్చుని కడుపు నిండా తినండి.